టీకా నీళ్లలో పాలపొడి
బ్రాయిలర్ కోళ్లకు వేసిన టీకా ఫలించాలంటే నీరు, దాణా ఎలా ఉండాలి?

పాల సంఘం పత్రికలో కోళ్ల ముచ్చట ఎందుకని కొందరు సభ్యులు అనుకోవచ్చు. కారణం ఉంది. రామగుండం, గోదావరిఖని, కమాన్‌పూర్, మంథని చుట్టుపక్కల మన సంఘాలకు పాలు పోసే ఇళ్లలో బర్రెల కొట్టం పక్కనే చిన్న కోళ్ల షెడ్డు వేసుకున్నవారు ఉన్నారు. బొగ్గు గనులు, కరెంటు కర్మాగారం ఉన్న చోట జీతాల రోజులు, ఆదివారాలు కోడి మాంసానికి గిరాకీ ఎక్కువ. అందుచేత రెండు వందల పిల్లలతో మొదలుపెట్టి, ఐదు వందలకు, వెయ్యికి పెంచుకున్న కుటుంబాలు కనిపిస్తాయి. పాల డబ్బు ఇల్లు గడుపుతుంది. కోళ్ల డబ్బు పిల్లల ఫీజుకో, అప్పు వాయిదాకో పనికివస్తుంది.

అయితే ఆ డబ్బు చేతికి రావడానికి ఐదారు వారాలు పడుతుంది. పోవడానికి నాలుగు రోజులు చాలు. సభ్యుల నుండి మేము తరచుగా వినే మాట ఒకటే: "టీకా వేసినం, అయినా కోళ్లు పోయినయి." ఆ తరువాత వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "రోగనిరోధక శక్తి పెంచే మందు ఏదన్నా నీళ్లలో కలపాలె నా?"

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు. క్లుప్తంగా ముందే చెబుతాము. టీకా చేయవలసిన పనిని ఏ సీసా మందూ చేయలేదు. టీకాకు అడ్డం వచ్చేవాటిని తొలగించడం, దాణాలో ఉన్న లోటు పూడ్చడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. ఈ రెంటిలో అన్నింటికన్నా చవకైనది, నమ్మదగినది మన పాడి వారికి బాగా తెలిసిన వస్తువే. అది వెన్న తీసిన పాలపొడి.

టీకా ఎలా పనిచేస్తుంది?

దూడ పుట్టగానే ముర్రుపాలు తాగించాలని ప్రతి పాడిరైతుకూ తెలుసు. తల్లి ఒంట్లోని రక్షణ ఆ పాల ద్వారా దూడకు వస్తుంది. కోడిపిల్లకు ముర్రుపాలు లేవు. దాని బదులు గుడ్డులోని పచ్చసొన ద్వారా తల్లికోడి నుండి రక్షణ వస్తుంది. ఈ రక్షణ ఇచ్చే పదార్థాలను యాంటీబాడీలు అంటారు. ఇవి అరువు సొమ్ము వంటివి. రోజులు గడిచిన కొద్దీ తరిగిపోయి, రెండు మూడు వారాలలో దాదాపు ఖర్చయిపోతాయి. ఆ లోపున పిల్ల తన సొంత రక్షణ సంపాదించుకోవాలి. దానికి తోడ్పడేది టీకా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల్లి నుండి వచ్చిన యాంటీబాడీలు నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే, అవి టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడా శత్రువుగానే భావించి పట్టి చంపేస్తాయి. టీకా వృథా అవుతుంది. మరీ ఆలస్యం చేస్తే అరువు రక్షణ తీరిపోయి, అసలు రోగం ముందుగా వస్తుంది. టీకాకు రోజు నిర్ణయించడంలో ఉన్న కిటుకు ఇదే. పక్కింటివారు పదవ రోజున వేశారని మనమూ పదవ రోజున వేయడం సరికాదు. పిల్లలు ఏ హేచరీ నుండి వచ్చాయో, వాటి తల్లికోళ్లకు ఏ టీకాలు వేశారో కనుక్కుని, పశువైద్యుని సలహాతో రోజు నిర్ణయించుకోవాలి.

బ్రాయిలర్లకు ముఖ్యంగా రెండు జబ్బులకు టీకాలు వేస్తాము. మొదటిది రాణిఖెట్, అనగా కొక్కెర తెగులు. 1927లో కుమావూ కొండలలోని రాణిఖెట్ ఊరి వద్ద కనిపించినందువల్ల మన దేశంలో దానికి ఆ పేరు వచ్చింది. రెండవది గంబోరో. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గంబోరో అనే ఊరి ప్రాంతంలో మొదట గుర్తించారు. 1962లో దాని గురించి శాస్త్రజ్ఞులు రాశారు. మన దేశంలో 1990 తరువాతి సంవత్సరాలలో ఈ జబ్బు తీవ్రరూపంలో వచ్చి కోళ్ల రైతులను బాగా దెబ్బతీసింది.

గంబోరో గురించి ఒక విషయం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కోడి మలద్వారానికి పైభాగాన, లోపల చిన్న తిత్తి వంటి అవయవం ఉంటుంది. దానిని బర్సా అంటారు. చాలాకాలం వరకు అది ఎందుకు పనికివస్తుందో ఎవరికీ తెలియదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే యువ పరిశోధకుడు కొన్ని కోళ్లకు ఈ తిత్తిని తీసివేశాడు. ఆ కోళ్లనే అతని తోటి విద్యార్థి ఒకరు వేరొక ప్రయోగానికి వాడుకుంటే, వాటిలో చాలావాటికి యాంటీబాడీలు తయారుకాలేదు. యాంటీబాడీలు చేసే కణాలు తయారయ్యే చోటు ఈ తిత్తేనని అలా తెలిసింది. 1956లో ఆ సంగతి ప్రచురితమయింది. మనుషుల వైద్యంలో నేడు బి-కణాలు అని పిలిచేవాటికి ఆ పేరులోని బి అక్షరం ఈ బర్సా నుండి వచ్చినదే.

గంబోరో వైరస్ సరిగా ఈ తిత్తినే నాశనం చేస్తుంది. చిన్న వయసులో గంబోరో తగిలి బతికిన కోడి చూడడానికి బాగానే ఉండవచ్చు. కాని ఆ తరువాత వేసిన కొక్కెర టీకా దానిలో సరిగా ఫలించదు. విత్తనం మంచిదే, భూమి చెడింది. ఇటువంటి కోడికి ఎన్ని టానిక్కులు తాగించినా పోయిన తిత్తి తిరిగి రాదు. కాబట్టి రోగనిరోధక శక్తి గురించి ఆలోచించేవారు మొట్టమొదట గంబోరో టీకా సకాలంలో, సక్రమంగా వేయించాలి.

మన ప్రాంతపు నీరు

గంబోరో టీకాను, కొక్కెర రెండవ విడత టీకాను సాధారణంగా తాగే నీటిలో ఇస్తాము. టీకాలో ఉన్నది ప్రాణమున్న వైరస్. అది కోడి గొంతులోకి చేరేవరకు బతికి ఉంటేనే పనిచేస్తుంది. చచ్చిన టీకా తాగించడం మామూలు నీళ్లు తాగించడంతో సమానం.

మన కాలనీలలో, పట్టణంలో కుళాయిలకు వచ్చే నీరు శుద్ధి చేసి క్లోరిన్ కలిపినది. మనుషుల ఆరోగ్యానికి అది అవసరం. రోగక్రిములను చంపడానికే క్లోరిన్ కలుపుతారు. కాని టీకా వైరస్‌కూ, రోగపు వైరస్‌కూ తేడా క్లోరిన్‌కు తెలియదు. మనకు మేలు చేసే ఆ క్లోరినే టీకాను కొద్ది నిమిషాలలో నీరుగారుస్తుంది.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని వేరే ఇబ్బందులు ఉంటాయి. ఉప్పదనం, గట్టిదనం, ఇనుము ఎక్కువగా ఉన్న బోర్లు ఉన్నాయి. పైపులలో తుప్పు, తొట్లలో పాచి టీకాకు హాని చేస్తాయి. కొందరు బోరు నీటిలోనే బ్లీచింగ్ పౌడరు గాని, క్రిమిసంహారక మందు గాని కలుపుతుంటారు. మామూలు రోజులలో అది మంచి అలవాటే. టీకా రోజున అదే నష్టం.

కాబట్టి టీకాకు రెండు రోజుల ముందు నుండి, టీకా వేసిన మరునాటి వరకు నీటిలో క్లోరిన్, బ్లీచింగ్, ఇతర క్రిమిసంహారకాలు కలపరాదు. ఆ రోజులలో నీటి పులుపును పెంచే ఆమ్లపు మందులు, యాంటీబయోటిక్కులు కూడా నీటిలో ఆపాలి. కుళాయి నీరు తప్ప గతిలేనివారు ఆ నీటిని ముందురాత్రే వెడల్పు పాత్రలో పట్టి, మూత లేకుండా ఉంచాలి. కొంత క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. అంతా పోయిందని మాత్రం నమ్మరాదు. మిగిలిన దాని పని పట్టడానికే పాలపొడి.

పాలపొడి చేసే మేలు

వెన్న తీసిన పాలలోని మాంసకృత్తులు నీటిలో మిగిలిన క్లోరిన్‌ను, లోహపు కణాలను తమకు అంటించుకుంటాయి. ఆ విధంగా టీకా వైరస్‌కు హాని జరగకుండా అడ్డుపడతాయి. కొంతసేపటి వరకు వైరస్‌ను నిలకడగా కూడా ఉంచుతాయి. ఇది ఒకరిద్దరి నమ్మకం కాదు. ప్రపంచంలో కోళ్లు పెంచే దేశాలన్నింటా పాటించే పద్ధతి.

మోతాదు లీటరు నీటికి 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. పది లీటర్లకు 25 గ్రాములు. ఐదు వందల కోళ్ల షెడ్డుకు దీని ఖర్చు ఒకటి రెండు కప్పుల టీ ఖర్చును మించదు.

పొడి దొరకనప్పుడు వెన్న తీసిన పాలను వాడవచ్చును. వెన్న తీసిన పాలలో నూటికి సుమారు 9 పాళ్లు ఘనపదార్థం ఉంటుందని మన సభ్యులకు ఎస్.ఎన్.ఎఫ్. లెక్క వల్ల తెలుసు. ఆ లెక్కన 2.5 గ్రాముల పొడికి సుమారు 30 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి. పాలను కాచి, పూర్తిగా చల్లార్చి, మీగడ ఒక్క పొర కూడా లేకుండా తీసి కలపాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు నాలుగు.

మొదటిది, చిక్కటి బర్రెపాలు పోయడం. వెన్న వల్ల టీకాకు లాభం లేదు. అది తొట్లకు, పైపులకు జిడ్డుగా అంటుకుని, ఎండకు పులిసి క్రిములను పెంచుతుంది.

రెండవది, మజ్జిగ పోయడం. మజ్జిగ పుల్లనిది. టీకా నీటికి పులుపు మంచిది కాదు. మజ్జిగను వేరే రోజున తాగించవచ్చును గాని టీకా రోజున కాదు.

మూడవది, టీలో కలిపే చక్కెర పొడులు, పసిపిల్లల డబ్బాపాల పొడులు వాడడం. వాటిలో పాలు కాక ఇంకా అనేకం ఉంటాయి. కావలసినది ఏమీ కలపని వెన్న తీసిన పాలపొడి మాత్రమే.

నాలుగవది, పాలపొడిని, టీకాను ఒకేసారి నీటిలో వేయడం. ముందు పాలపొడి కలిపి 20 నుండి 30 నిమిషాలు ఆగాలి. ఆ సమయంలో పాలు క్లోరిన్ పని పట్టిన తరువాతనే టీకా కలపాలి. శత్రువు ఉన్న ఇంట్లోకి చుట్టాన్ని ముందుగా పంపము కదా.

ఎన్ని నీళ్లు? ఎంతసేపు?

టీకా నీరు మరీ తక్కువైతే బలమైన కోళ్లు తాగి బలహీనమైనవి ఎండిపోతాయి. మరీ ఎక్కువైతే తాగడం పూర్తయ్యే లోపల టీకా చస్తుంది. కలిపిన నీరు గంట నుండి రెండు గంటలలో అయిపోవాలి.

సులువైన లెక్క ఒకటి ఉంది. వెయ్యి కోళ్లకు, వాటి వయసు ఎన్ని రోజులో సుమారు అన్ని లీటర్లు. 14 రోజుల పిల్లలు వెయ్యి ఉంటే 14 లీటర్లు. ఐదు వందలు ఉంటే 7 లీటర్లు. ఎండాకాలంలో కోళ్లు ఎక్కువగా తాగుతాయి గనుక ఇంకొంత పెంచాలి. ఐదు వందలకు 7 బదులు 10 లీటర్లు అనుకుంటే, పాలపొడి 25 గ్రాములు. ఖచ్చితంగా తెలుసుకోదలచినవారు ముందురోజు అదే వేళకు అంతే నీరు టీకా లేకుండా పోసి, ఎంతసేపట్లో తాగాయో చూడవచ్చును.

టీకా ఇచ్చే ముందు కోళ్లకు కొంచెం దప్పిక కావాలి. చల్లని రోజులలో గంట నుండి గంటన్నర, ఎండ రోజులలో అరగంట నీరు ఆపితే చాలు. మన రామగుండంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులు ఉంటాయి. అటువంటి రోజున పొద్దెక్కిన తరువాత నీరు ఆపితే టీకా మాట దేవుడెరుగు, వడదెబ్బకు కోళ్లు పోతాయి. వేసవిలో టీకా పని తెల్లవారుజామునే ముగించాలి. దాణా మాత్రం ముందు ఉంచాలి. తింటే నీటికి వస్తాయి.

గని పనికి వెళ్లే ఇళ్లవారు షిఫ్టును చూసుకుని రోజు పెట్టుకోవాలి. ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే హడావుడిలో టీకా కలిపి, సగంలో వదిలి వెళ్లడం మంచిది కాదు. ఈ పనికి మొదటి నుండి చివరి వరకు ఒక మనిషి షెడ్డులో ఉండాలి. చాలా ఇళ్లలో కోళ్లను చూసేది ఆడవారే. టీకా రోజున వారికి బర్రెల పని ఇంకొకరు చేసిపెట్టడం ఇంటివారి బాధ్యత.

పని క్రమం ఇది:

1. టీకాను దుకాణం నుండి ఐసు వేసిన థర్మాస్‌లో తేవాలి. 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి గాని తలుపు అరలో కాదు. సీసా మీద గడువు తేదీ చూడాలి.

2. తొట్లను ముందురోజు శుభ్రమైన నీటితో, బ్రష్‌తో కడగాలి. సబ్బు, మందు వాడరాదు.

3. నీరు కొలిచి ప్లాస్టిక్ బకెట్‌లో పోయాలి. ఇనుప బకెట్ పనికిరాదు. పాలపొడిని ముందు కొద్దినీటిలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాత బకెట్‌లో పోయాలి.

4. అరగంట తరువాత టీకా సీసా మూతను ఆ నీటిలో ముంచి ఉంచి తీయాలి. పైన గాలిలో తీస్తే మందు పొడి చెదిరిపోవచ్చును. సీసాను రెండు మూడుసార్లు అదే నీటితో కడిగి పోయాలి.

5. కోడికి ఒక డోసు తప్పక అందాలి. ఐదు వందల డోసుల సీసాను ఏడు వందల కోళ్లకు సర్దడం పొదుపు కాదు, వాటికి సగం రక్షణ ఇచ్చి రోగాన్ని పిలవడం.

6. తొట్లు నీడన ఉండాలి. మూడింట రెండు వంతుల కోళ్లయినా ఒకేసారి తాగే చోటు ఉండాలి. నెమ్మదిగా షెడ్డులో నడుస్తూ మూలన పడుకున్నవాటిని లేపాలి.

7. రెండు గంటల తరువాత తొట్లు కడిగి మామూలు నీరు పోయాలి. పాలనీరు మిగిలి ఉంటే పులుస్తుంది. ఖాళీ సీసాలను కాల్చాలి, లేదా నీటిలో మరగబెట్టి పూడ్చిపెట్టాలి.

దాణాలోని బలం

యాంటీబాడీ కూడా మాంసకృత్తే. ఇటుకలు లేకుండా మేస్త్రీ గోడ కట్టలేడు. దాణాలో మాంసకృత్తులు, అందులోనూ మిథియోనిన్, లైసిన్ తక్కువైతే కోడి ఎదగదు, టీకాకు తగిన జవాబు ఇవ్వదు. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మొదటి మూడు వారాల బ్రాయిలర్ దాణాలో నూటికి 23 పాళ్లు మాంసకృత్తులు, 1.1 పాళ్లు లైసిన్, అరపాలు మిథియోనిన్ ఉండాలి. కిలో దాణాకు విటమిన్ ఎ 1500 యూనిట్లు, విటమిన్ ఇ 10 యూనిట్లు, జింక్ 40 మిల్లీగ్రాములు, సెలీనియం 0.15 మిల్లీగ్రాములు కనీస అవసరం.

ఒక్కొక్కటి చేసే పని వేరు. విటమిన్ ఎ ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరను గట్టిగా ఉంచుతుంది. కంటి చుక్క టీకా గాని, నీటి టీకా గాని మొదట పనిచేసేది ఈ పొరల మీదనే. విటమిన్ ఇ, సెలీనియం జంటగా రోగనిరోధక కణాలను పాడవకుండా కాపాడుతాయి. జింక్ తక్కువైతే ఆ కణాల పెరుగుదలే కుంటుపడుతుంది. విటమిన్ సి కోడి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. తీవ్రమైన ఎండలో మాత్రం అది చాలకపోవచ్చును.

మరి వీటిని అవసరానికి మించి ఇస్తే టీకా ఇంకా బాగా ఫలిస్తుందా? దీని మీద అనేక దేశాలలో ప్రయోగాలు జరిగాయి. విటమిన్ ఇ పది రెట్లకు పైగా పెంచినప్పుడు కొన్ని ప్రయోగాలలో యాంటీబాడీలు పెరిగాయి. మరికొన్నింటిలో తేడా కనబడలేదు. ఎండ, ఇరుకు, జబ్బు వంటి బాధలు ఉన్న కోళ్లలోనూ, దాణాలో ముందే లోటు ఉన్నప్పుడూ ఫలితం మెరుగు. అన్నీ సమంగా ఉన్న కోడికి మరింత పోస్తే లాభం స్వల్పం. నిండిన కుండలో నీళ్లు పోయడం వంటిది. సెలీనియం విషయంలో ప్రమాదం కూడా ఉంది. కిలో దాణాలో కొన్ని మిల్లీగ్రాములకు చేరితే అదే విషం. రెండు మూడు కంపెనీల మందులు కలిపి వాడేవారు ఈ సంగతి మరువరాదు.

పేరున్న దాణా కొనేవారికి ఈ విటమిన్లు, ఖనిజాలు అందులోనే కలిసి ఉంటాయి. ఇంట్లో మక్కలు, తవుడు, చెక్క కలిపి దాణా చేసుకునేవారికి మాత్రం విటమిన్, ఖనిజ మిశ్రమం తప్పనిసరి. బర్రెలకు వాడే ఖనిజ మిశ్రమాన్ని కోళ్లకు వేయరాదు. రెంటి అవసరాలు వేరు.

బూజు: కంటికి కనిపించని దొంగ

మంచి మందులన్నీ ఇచ్చినా టీకా ఫలించకుండా చేసేది బూజు పట్టిన దాణా. తడి ఆరని మక్కలలో, పల్లి చెక్కలో పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుండి వచ్చిన పల్లి చెక్కలో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు మక్కలు తిని వంద మందికి పైగా మరణించారు. ఆ సంఘటనను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించారు.

చంపేటంత విషం లేకపోయినా, కొద్దిపాటి విషం కోడి కాలేయాన్ని, బర్సాను దెబ్బతీసి టీకా ఫలితాన్ని తగ్గిస్తుంది. అదే చెక్క బర్రెకు పెడితే విషం రూపుమారి పాలలోకి వస్తుంది. పాలలో అది లీటరుకు అర మైక్రోగ్రాము మాత్రమే ఉండవచ్చని మన దేశపు ఆహార ప్రమాణాలు హద్దు పెట్టాయి. కనుక బూజు చెక్కను "కోళ్లకు వద్దు, బర్రెకు వేద్దాం" అనుకోవడం తప్పు.

మక్కలను తేమ నూటికి 12 పాళ్లకు మించకుండా ఎండబెట్టాలి. సంచులను నేలమీద కాక చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. ముక్కవాసన వచ్చిన దాణాను పారవేయాలి. వానాకాలంలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి.

సీసాల సంగతి

దుకాణంలో కనిపించే "శక్తి" మందులను నాలుగు రకాలుగా విడదీసి చూడాలి.

విటమిన్ ఇ-సెలీనియం, విటమిన్ సి, ఎలక్ట్రోలైట్లు: వీటిని టీకాకు ఒకరోజు ముందు, టీకా తరువాత రెండు మూడు రోజులు ఇవ్వవచ్చును. ఎండ రోజులలో, పిల్లలను దూరం నుండి తెచ్చిన రోజులలో వీటి అవసరం ఉంటుంది. టీకా కలిపిన నీటిలో మాత్రం కలపరాదు.

మేలు చేసే క్రిముల పొడులు: పేగులో మంచి క్రిములు ముందుగా చోటు పట్టుకుంటే చెడ్డవి నిలవలేవన్న సంగతిని 1973లో ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు నూర్మి కోడిపిల్లలలో నిరూపించాడు. ఇటువంటి పొడులు విరేచనాలను తగ్గించి, తిన్నది ఒంటికి పట్టేలా చేయవచ్చును. టీకాకు నేరుగా ఎంత తోడ్పడతాయన్న విషయంలో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. యాంటీబయోటిక్కుతో పాటు ఇస్తే ఈ క్రిములు చచ్చి డబ్బు దండుగ అవుతుంది.

పసుపు, వెల్లుల్లి, తులసి, ఉసిరి, అశ్వగంధ: మన ఇళ్లలో ఉన్నవే. వీటి మీద మన దేశంలో ప్రయోగాలు జరుగుతున్నాయి. మోతాదులో ఇస్తే హాని లేదు. కొన్నిచోట్ల మేలు కనిపించింది. అయితే పసుపునీళ్లు తాగించాము గనుక టీకా అవసరం లేదనుకోవడం షెడ్డును గాలికి వదలడమే.

యాంటీబయోటిక్కులు: ఇవి రోగనిరోధక శక్తిని పెంచవు. కొక్కెర, గంబోరో వైరస్‌ల మీద వీటి ప్రభావం శూన్యం. ముందుజాగ్రత్త పేరిట వాడితే మాంసంలో మిగిలి, తినేవారికి చేటు తెస్తాయి. మనుషులకు చివరి ఆధారంగా ఉన్న కొలిస్టిన్‌ను కోళ్లలో, పశువులలో వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. పాత సీసా ఉన్నా వాడరాదు.

కంపెనీ ఒప్పందం మీద పెంచేవారు ఏ మందు కలపాలన్నా ముందు కంపెనీ సూపర్‌వైజరును అడగాలి. దాణాలో ఏమి కలిపారో వారికే తెలుస్తుంది.

ఒక బ్యాచ్ క్రమం

సాధారణంగా పాటించేది ఇది. స్థానిక పశువైద్యుని సలహాను బట్టి రోజులు మారవచ్చును.

మొదటి రోజు: పిల్లలు దిగగానే శుభ్రమైన నీరు, ఎలక్ట్రోలైట్లు, వెచ్చదనం.
5-7 రోజులు: కొక్కెర తెగులు టీకా, కంటిలో ఒక చుక్క.
12-14 రోజులు: గంబోరో టీకా, పాలపొడి కలిపిన నీటిలో.
21-28 రోజులు: కొక్కెర రెండవ విడత, పాలపొడి కలిపిన నీటిలో.

టీకా వేసిన మరునాడే రక్షణ రాదు. వారం నుండి రెండు వారాలు పడుతుంది. ఆ రోజులలో బయటివారిని షెడ్డులోకి రానీయరాదు. ఊక తడిసి అమ్మోనియా వాసన కళ్లు మండించేటట్లు ఉంటే గొంతు పొరలు చెడి కొక్కెర టీకా సరిగా పట్టదు. ఊకను కలియబెట్టి, గాలి ఆడనివ్వాలి. నీరసంగా, జబ్బుగా ఉన్న కోళ్లకు టీకా వేయరాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్కసారిగా కోళ్లు ఎక్కువగా చనిపోతే అమ్మేయడానికి చూడక, వెంటనే పశువైద్యశాలకు తెలపాలి.

టీకా అందరికీ అందిందో లేదో తెలుసుకోవడానికి నీటిలో నీలి రంగు బిళ్ల కలిపే పద్ధతి ఉంది. టీకా కోసమే అమ్మే బిళ్లను మాత్రమే వాడాలి. తాగిన కోడి నాలుక, ముక్కు కొన నీలంగా కనిపిస్తాయి. షెడ్డు నాలుగు మూలల నుండి వంద కోళ్లను చూస్తే తొంభైకి పైగా నీలి నాలుకలు ఉండాలి. అంతకు తగ్గితే తొట్లు చాలలేదని, లేదా దప్పిక చాలలేదని అర్థం.

పాల పుస్తకం మాదిరిగా కోళ్లకూ ఒక పుస్తకం పెట్టాలి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, వేసిన రోజు, గంట, నీరు ఎన్ని లీటర్లు, పాలపొడి ఎన్ని గ్రాములు, చనిపోయిన కోళ్ల సంఖ్య రాయాలి. ఏదైనా తేడా వస్తే డాక్టరుకు చూపించడానికి ఈ పుస్తకమే సాక్షి.

గుర్తుంచుకోవలసినవి

సరైన రోజు, చల్లగా ఉంచిన టీకా, క్లోరిన్ లేని నీరు, లీటరుకు 2.5 గ్రాముల పాలపొడి, బూజు లేని దాణా. ఈ ఐదూ ఉంటే సీసా మందులు తోడుగా నిలుస్తాయి. ఇవి లేకపోతే ఎంత ఖరీదైన మందయినా బూడిదలో పోసిన పన్నీరే.

అభ్యాసానికి ప్రశ్నలు

1. గంబోరో తగిలిన కోడిలో కొక్కెర టీకా ఎందుకు సరిగా ఫలించదు?
2. వేసవిలో 14 రోజుల వయసున్న ఐదు వందల కోళ్లకు 10 లీటర్ల నీరు పెడితే పాలపొడి ఎంత కలపాలి? టీకా ఎంతసేపటి తరువాత కలపాలి?
3. టీకా నీటిలో మజ్జిగ ఎందుకు పనికిరాదు?
4. బూజు చెక్కను బర్రెకు పెడితే ఏమవుతుంది?

సంఘ కార్యదర్శులకు మనవి: ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా కోళ్లను చూసుకునే ఆడవారికి చదివి వినిపించగలరు. సంఘంలో వెన్న తీసిన పాలపొడి పొట్లాలు అందుబాటులో ఉంచితే కోళ్లు ఉన్న సభ్యులకు ఎంతో ఉపకారం అవుతుంది.